ఆగే గొంతు

ఎవరూ ముట్టుకోకుండానే కంప్యూటర్ మాట్లాడింది.

"వచ్చావా? తలుపు తీసే ఉంది, లోపలికి రా" అంది ముసలమ్మ గొంతుతో.

షున్‌తె చేతిలోని నూడుల్స్ గిన్నె తొణికి నిక్కరు మీద పడింది. అతని వదిన మేయున్ మాత్రం కదల్లేదు. బొమ్మ చొక్కాకి చెయ్యి అతుకుతున్న సూదిని గుడ్డలోనే ఉంచి, ఆ గొంతు ఇంకేమైనా అంటుందేమోనని చెవి ఒగ్గి కూర్చుంది. ఏమీ అనలేదు. రేకుల షెడ్డులో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడే మిగిలింది.

అది ముసలమ్మ గొంతేగాని ముసలమ్మది కాదు, మేయున్ భర్త కో యుంగ్‌ఫాది. హువేయ్ ఊరి చుట్టుపక్కల ఆయన పేరు తెలియని గుడి లేదు. చేతికి తొడిగి ఆడించే బొమ్మలాటలో బొమ్మలెన్నున్నా గొంతు ఒకటే. సేనాపతీ ఆయనే, సేనాపతి తల్లీ ఆయనే, గుర్రం సకిలింపూ ఆయనే. ఆడించే చేతులు వేరు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేతులు మేయున్‌వి. ఆయన పోయి మూడేళ్ళయింది. గొంతు మాత్రం ఇంటి పట్టునే ఉంది.

గొంతు నిలవదని డాక్టరు చెప్పిన చలికాలంలో ఆయన కూర్చుని, తనకొచ్చిన ఆటలన్నీ రికార్డు చేసిపోయాడు. ఒక్కో మాటా ఒక్కో ముక్కగా ఆ కంప్యూటర్లో ఉంది. తెర వెనక మేయున్ కుడికాలి కింద పెడల్ ఉంటుంది. నొక్కితే ఒక ముక్క పలికి ఆగుతుంది. బొమ్మ చెయ్యాల్సింది చేశాక మళ్ళీ నొక్కితే తర్వాతి ముక్క. వేళ్ళ కణుపులు వాచి మునుపటి చురుకు లేని మనిషికి అంతకన్న ఏం కావాలి?

అయితే అది నొక్కగానే పలకదు. అర ఊపిరి ఆగి పలుకుతుంది. మేయున్ ప్రాణమంతా ఆ అర ఊపిరిలోనే ఉంది. ఆయన పక్కనే కూర్చుని, తన చేతుల వంక ఓసారి చూసి, సిద్ధమేనా అని కళ్ళతోనే అడిగి, అప్పుడు నోరు విప్పుతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే మతి పోయిందంటారని ఆమెకి తెలుసు.

"చూశావా వదినా" అన్నాడు షున్‌తె, నిక్కరు తుడుచుకుంటూ. "ఏడో నెల. పోయినవాళ్ళ లోకం గేట్లు తెరిచి పది రోజులు కాలేదు, అప్పుడే ఇంట్లో పలకరింపులు."

"పెడల్ వైరు ఎక్కడో తగిలి ఉంటుంది" అంది మేయున్.

లేచి చూసింది. వైరు సరిగ్గానే ఉంది. ఆమె చూస్తూండగానే తెర నల్లబడింది, ఇంక ఎంత నొక్కినా లేవలేదు. కాలవగట్టు గుళ్ళో ఆట ఈ పున్నమికే.

*

బజారులో కుర్చీ బల్లా వేసుకుని కంప్యూటర్లు బాగుచేసే చుంగ్ దాన్ని విప్పి చూపించాడు. లోపల బ్యాటరీ ఆవిరి బన్నులా ఉబ్బిపోయి ఉంది. దాన్ని తీసి పక్కన పడేసి, కరెంటు వైరు తగిలిస్తే మిషన్ మూలుగుతూ లేచింది. ఈ ఆట వరకు లాగితే లాగొచ్చు, లాగకపోనూవచ్చు, తనైతే పూచీ పడనన్నాడు.

"ఇంకోటి కొంటాను" అంది మేయున్.

అక్కడే ఉంది చిక్కు. ఆ మిషన్ తయారుచేసే కంపెనీ ప్రాసెసర్ మార్చేస్తోందని చుంగ్ చెప్పాడు. ఈ చలికాలం నుంచి వచ్చే మిషన్లలో పూర్తిగా వేరే రకం చిప్పు. యుంగ్‌ఫా గొంతు దాచిన ప్రోగ్రాం పాత చిప్పు భాష తప్ప ఇంకోటి ఎరగదు. దాన్ని కొత్త భాషలోకి మార్చిపెడదామంటే చేసిన వాళ్ళే దుకాణం మూసేసి ఎటో పోయారు. కాబట్టి పాత రకందే సెకండ్ హ్యాండ్‌ది ఒకటి వెతుక్కోవాలి. ఇప్పుడు అందరూ వదిలించుకునే తొందరలో ఉన్నారు గనక దొరుకుతుంది. కాని అది చివర గోడ కట్టిన సందు. దూరాక ముందుకి దారుండదు.

"నన్నడిగితే వద్దత్తా. మామయ్య గొంతంతా పాటలా ఒకే ముక్కగా తీసి ఫోన్లో పెట్టిస్తాను. ఏ చిప్పొచ్చినా పలుకుతుంది, మీ మనవలదాకా పలుకుతుంది."

"ఆగుతుందా?"

"పాట ఎక్కడాగుతుందత్తా? మొదలెడితే చివరిదాకా పోవడమే."

మేయున్ కంప్యూటర్‌ని బిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని ఇంటికొచ్చింది.

షున్‌తెకి కొనడం బొత్తిగా ఇష్టం లేదు. ఏడో నెల్లో బుద్ధున్నవాడెవడూ చీపురు కూడా కొనడు, ఈవిడ కంప్యూటర్ కొంటానంటుంది. అదీ వాడేసినది. వాడినవాడు బతికున్నాడో, పైనుంచి ఈ నెల సెలవు మీద దిగొచ్చి తన మిషన్ ఏదని వెతుక్కుంటున్నాడో ఎవరికి తెలుసు? చలికాలం దాకా ఆగితే ఇవి పాత పేపర్ల ధరకొస్తాయి, అప్పుడు చూసుకోవచ్చు. ఇలా బోలెడు చెప్పాడు. అతను వదిన పక్కన రెండో బొమ్మని ఆడిస్తాడు, బండి నడుపుతాడు, నోరు మాత్రం ఊరికే ఉండదు.

"అయినా వదినా, ఈ నెల్లో మంచి అన్నదమ్ములందరికీ సెలవే" అన్నాడు చివరికి. ఆ నెల్లో దయ్యమన్న మాట ఎవరూ నోట పలకరు, మంచి అన్నదమ్ములనే అంటారు. "తిండి పెడతారు, బట్టలు కాలుస్తారు, ఆట వేసి చూపిస్తారు. మా అన్నయ్య ఒక్కడికే నువ్వు డ్యూటీ వేస్తున్నావు."

"మీ అన్నయ్యకి పనంటేనే ఇష్టం" అంది మేయున్.

గుడి కమిటీ పెద్ద ల్యావ్ స్కూటర్ మీద వచ్చి ఇంకో మాట చెప్పిపోయాడు. మాస్టర్ యుంగ్‌ఫా గొంతు ఉంటేనే బొమ్మలాట, లేకపోతే తెర కట్టి సినిమా వేయిస్తారట. కమిటీలో కుర్రవాళ్ళు ఇప్పటికే అదే పాట పాడుతున్నారు. ముసలాయన టీ తాగుతూ, గోడకున్న యుంగ్‌ఫా ఫొటో వైపు చూసి, "ఇంత కాలం నిన్ను పోషించింది ఆ గొంతే కదమ్మా, దాన్ని జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. చెడ్డగా అనలేదు. మేయున్ వాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అవునని తలాడించింది.

*

తైచుంగ్ పట్నంలో పాత కంప్యూటర్లు అమ్మే దుకాణం ఒకటి మెట్ల కింద ఉంది. నడుపుతున్నది ఫాన్ అనే నడివయసు ఆవిడ. జామకాయ ముక్కలు రేగుపొడిలో అద్దుకు తింటూ బేరాలు చేస్తోంది. షాపులో ప్రతి మిషన్ నెత్తినా ఒక ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంది. అది పెడితే మిషన్ పేచీ పెట్టకుండా బుద్ధిగా పనిచేస్తుందని అందరి నమ్మకం. షున్‌తె ఒక పొట్లం ఎత్తి గడువు తేదీ చూశాడు. గడువు దాటిన పొట్లం పెట్టడం కంటే పెట్టకపోవడమే నయం కదా.

"చూడన్నా చూడు, అన్నీ తాజావే" అంది ఫాన్. "ఈ మిషన్ ఓనరు కూడా తాజాగానే ఉన్నాడు. నిన్న ఫోన్ చేశాడు. కొత్త చిప్పుది వచ్చేలోపు దీన్ని అమ్మిపెట్టమని నా ప్రాణం తీస్తున్నాడు."

మేయున్‌కి నవ్వొచ్చింది. మిషన్ బాగుంది. గీత లేదు, మచ్చ లేదు. పాత రకం చిప్పులో చివరి చివరిది, అంతకు మించినది ఇక రాదు. తన ప్రోగ్రాం ఎక్కించి చూపించమంది. ఫాన్, మేయున్ తెచ్చిన పాత కంప్యూటర్లోంచి అన్నీ దించి, పెడల్ తగిలించి, నేల మీద పెట్టింది.

మేయున్ సంచీలోంచి ఒక బొమ్మను తీసింది. సేనాపతి తల్లి, తెల్లజుట్టు, చేతిలో కర్ర. చేతికి బొమ్మ లేకపోతే ఎప్పుడు నొక్కాలో ఆమె కాలికి తెలియదు. చూపుడువేలు తలలోకి, బొటనవేలు ఒక చేతిలోకి, మిగతా మూడు వేళ్ళు రెండో చేతిలోకి పోనిచ్చింది. బొమ్మ నిటారుగా లేచి షాపు నలువైపులా చూసింది. ఫాన్ జామకాయ నమలడం ఆపేసింది.

మేయున్ పెడల్ నొక్కింది.

"నా కొడుకేడీ?" అన్నాడు యుంగ్‌ఫా.

బొమ్మ తల ఇంకా అటే ఉంది. మేయున్ ఉలిక్కిపడింది. తనే ముందు నొక్కానేమో అనుకుని సర్దుకుని మళ్ళీ నొక్కింది. కాలు ఆనిందో లేదో, తలుపు వెనకే పొంచి ఉన్నవాడిలా మాట మీదకొచ్చి పడింది. ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి. ప్రతిసారీ అంతే. గొంతు ఆయనదే. ఎండిన కొసలతో, ముక్కులో కొద్దిగా తిరిగే ఆ గొంతే. కాని ఆయన తన చేతుల వంక చూడటం లేదు. అసలు ఎటూ చూడటం లేదు.

"ఏదో తేడాగా ఉంది" అంది మేయున్.

"ఏం తేడా అక్కా? అవే ముక్కలు. వెంట్రుకవాసి కూడా మారలేదు."

"ఇదివరకు పలికేముందు కొంచెం ఆగేవాడు."

ఎవరు అని ఫాన్ అడగబోయి, బొమ్మనీ మేయున్ ముఖాన్నీ చూసి ఆగింది. తర్వాత పాత కంప్యూటర్‌ని కూడా పక్కన పెట్టి కరెంటిచ్చి, అదే పెడల్ దానికి తగిలించి, రెండుసార్లు నొక్కి విన్నది. ఆవిడకి తెలిసిపోయింది. తెలిసిన సంతోషంలో చెప్పేసింది.

"ఓ, ఇదా! మీ పాతది ముసలిదైపోయిందక్కా. మీరు నొక్కాక అది నిద్ర లేచి, ముక్క ఎక్కడుందో డిస్కంతా వెతికి, తెచ్చి పెట్టాలి. దానికి ఆ మాత్రం పడుతుంది. ఇందులో అలా కాదు. అడిగీ అడగకముందే ఇస్తుంది."

"అయితే ఆ ఆగేది..."

"మిషనే. ఆ పాత ప్రాసెసర్ నీరసం."

మేయున్ చేతిమీది ముసలమ్మ తల కొద్దిగా వాలింది. ఫాన్‌కి తను ఏదో తన్నేశానని అర్థమైంది గాని ఏమిటో అర్థం కాలేదు. మంచి మనిషి గనక సర్దబోయింది.

"అలా ఆగడమే అలవాటైతే పెద్ద పనేం కాదక్కా. ప్రతి ముక్క ముందూ కాస్త ఖాళీ పెట్టిస్తాను, ఫ్రీగానే. ఎంతసేపు ఆగమంటారో చెప్పండి."

ఎంతసేపని చెప్పాలి? అర ఊపిరి అంటే ఈవిడ అర ఊపిరి పెడుతుంది. ముప్పావు అంటే ముప్పావు. ఇష్టంగా ఉన్నరోజు ఒకలా, అలిసి ఉన్నరోజు ఒకలా కావాలన్నా పెడుతుందేమో. తను చెప్పినంతసేపు ఆగే మనిషి తన కోసం ఆగినట్టా? పైగా ఇన్నాళ్ళూ ఆగిందెవరు? మూడేళ్ళుగా పక్కన ఎవరో ఉన్నారని ధైర్యంగా చీకట్లో నడిచిన మనిషికి, పక్కన ఎవరూ లేరని ఇప్పుడు చెప్పినట్టయింది.

ఆట అయ్యేదాకా ఆ మిషన్‌ని ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టమని చెప్పి, బొమ్మను సంచీలో పెట్టుకుని మెట్లెక్కింది.

*

వాళ్ళ నీలం రంగు చిన్న ట్రక్కు వంతెన మీదికి వచ్చింది. కింద నది ఎండకి పాయలు పాయలుగా చీలి ఇసక తేలి ఉంది. కొనకుండా వచ్చినందుకు షున్‌తె హుషారుగానే ఉన్నాడు.

"షున్‌తె, ఒకటడుగుతాను, నిజం చెప్పు" అంది మేయున్. "మీ అన్నయ్య ఆటలో నా చేతుల కోసం ఆగేవాడా?"

అతను ముందు నవ్వాడు.

"అన్నయ్యా? ఆగడమా? ఆయన నోరు విప్పితే ఆ దేవుడొచ్చినా వెనకాల పరిగెత్తాల్సిందే. పీకాంగ్‌లో ఆ యుద్ధం ఆట గుర్తులేదా? నువ్వు రెండు బొమ్మలు మార్చేలోపు ఆయన మూడో యుద్ధంలో ఉన్నాడు. చెక్క మీద కాలు దబదబా కొడుతున్నాడు, తొందరగా కానియ్ అని. నీ బొటనవేలి గోరు సగానికి లేచిపోయింది. ఏడుస్తూ ఆడించావు కదా." కొంచెం దూరం పోయాక ముఖం ముడుచుకున్నాడు. "పోయినవాళ్ళని ఇలా అనకూడదు. అందులో ఈ నెల్లో."

చచ్చినవాడి కళ్ళు చేరెడు అని ఊరికే అనలేదు. మేయున్‌కి ఆ గోరు ఇప్పుడే లేచినంత స్పష్టంగా గుర్తొచ్చింది. ఆట అయ్యాక అందరూ భోజనాల దగ్గర కూర్చున్నారు. ఆమె చోప్‌స్టిక్స్ పట్టుకోలేక చెంచాతో తింటుంటే అప్పుడు చూశాడాయన. వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "రేపటికి తగ్గుతుందా?" అని అడిగాడు. మర్నాడు పొద్దున్నే ఇంకో గుళ్ళో ఆట ఉంది మరి. పాపం ఆయన చెడ్డవాడు కాదు. ఆ తొందరతోనే గుడి వాకిట్లో వేలమందిని ఊపిరి బిగపట్టించేవాడు. ఆ తొందరని చూసే ఆమె కూడా పెళ్ళికి ఒప్పుకుంది. కాని ఆయన ఆగలేదు. ఒక్కరోజు కూడా, ఒక్క మాటకి కూడా, ఆమె చేతుల కోసం ఆగలేదు.

ఆగినవాడు ఇంకెవడో. మూడేళ్ళుగా పెడల్ కింద పుట్టి, ఆమె పక్కన కూర్చుని, ఆమె వాచిన వేళ్ళని చూసి జాలిపడినవాడు. సిగ్గు లేకుండా చెప్పుకోవాలంటే, ఆమె మొదటి మొగుడికంటే వాడినే ఎక్కువ ప్రేమించింది. మొదటివాడు పోయినప్పుడు ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని వచ్చింది. ఈ రెండోవాడు పొద్దున్న ఆ మెట్ల కింద షాపులో పోయాడు, ఎవరికీ తెలియదు. మేయున్ ముఖం కిటికీ వైపు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. షున్‌తె దుమ్మేమో అనుకుని అద్దం ఎత్తాడు.

తర్వాతి రెండు రోజులూ ఆమెకి ఎవరి మీద కోపమో తెలియని కోపం. ఇంట్లో చిటికెడు పని కూడా చప్పుడు చేస్తూ చేసింది. పున్నమి పొద్దున ఫాన్‌కి ఫోన్ చేసి, ఆ మిషన్ ఎవరికైనా ఇచ్చెయ్యమంది. తగ్గించి ఇస్తానంది ఆవిడ. ధర గురించి కాదని చెప్పి పెట్టేసింది. పక్కనుంచి విన్న షున్‌తె, మంచి పని చేశావు వదినా, చలికాలంలో సగానికి సగం పడిపోతుంది చూడు అన్నాడు.

*

మధ్యాహ్నం ఎండలో కాలవగట్టు పొడుగునా బల్లలు వేశారు. బాతులు, పందిమాంసం, పళ్ళు, కూల్‌డ్రింకులు, నూడుల్స్ పెట్టెలు, ప్రతి దానిలోనూ గుచ్చిన అగరొత్తి. బల్లల ముందు వచ్చినవాళ్ళు ముఖం కడుక్కోడానికి నీళ్ళ బేసిన్లు, కొత్త తువ్వాళ్ళు. ఆ వచ్చే మంచి అన్నదమ్ములు ఎవరికీ కనపడరు. కనపడే జనం ఆట ముందు ఎక్కువమంది లేరు. కుర్చీల్లో నలుగురైదుగురు ముసలివాళ్ళు, ఐస్ అమ్మే మనిషి, అంతే. పొగ మాత్రం ఎవరో తోస్తున్నట్టు స్టేజీ ట్రక్కు వైపే వస్తోంది.

తెర వెనక మేయున్ వైర్లు తగిలించింది. నాలుగు రోజులుగా మొరాయిస్తున్న పాత కంప్యూటర్ ఆవేళ ఒక్క పిలుపుకే లేచింది. మొదటి ముక్క దాని తెర మీద సిద్ధంగా ఉంది. షున్‌తె దాని మూత మీద చెయ్యి వేసి నిమిరి, మా బంగారమే అన్నాడు.

గుళ్ళో గంట కొట్టారు. మేయున్ కుడికాలు పెడల్ మీద పెట్టింది. ఒక క్షణం అలాగే ఉంచింది. నొక్కితే ఆగుతాడు, ఇదివరకులాగే. ఇప్పుడు తెలిసినా ఆగుతాడు. దానికే ఆమెకి ఎక్కువ భయమేసింది. కాలు తీసి, వంగి, కంప్యూటర్ ఆపేసింది.

"వదినా! ఏం చేస్తున్నావు?"

"మైకు ఇటు తిప్పు."

"నీకేమైనా..."

"తిప్పు షున్‌తె. గంట కొట్టేశారు."

మైకు తిప్పాడు. సేనాపతి తల్లి తెర మీదికి లేచింది. మేయున్‌కి ఆ ఆటలో ప్రతి మాటా వచ్చు. చేతులతో విని విని ముప్ఫై ఏళ్ళుగా నేర్చుకుంది. అయినా మొదటి మాట సన్నగా, వణుకుతూ బయటికొచ్చింది. సేనాపతి వచ్చి గర్జించాల్సిన చోట కోడిపెట్ట అరిచినట్టయింది. అవతల ఐస్ అమ్మే మనిషి పకాలున నవ్వాడు. షున్‌తె సిగ్గుతో తల దించుకుని తన బొమ్మ వెనక దాక్కున్నాడు.

మేయున్‌కి చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గులో భర్తలాగే పరుగెత్తింది. మాటలు ముందు పోతున్నాయి, వాచిన వేళ్ళు వెనకపడుతున్నాయి, కత్తి తీయకముందే శత్రువు చచ్చిపోతున్నాడు. అలా కొంతసేపు తనని తానే తరుముకుంది. తర్వాత తల్లి కొడుకుని గుర్తుపట్టే చోటొచ్చింది. ముసలమ్మ చెయ్యి ఎత్తి కొడుకు చెంప తడమాలి. వేలు వంగలేదు. మేయున్ నొప్పి ఓర్చుకుని మెల్లిగా, ఇంకా మెల్లిగా వంచింది. అంతసేపూ మాట ఎత్తలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. చెక్క మీద ఏ కాలూ కొట్టలేదు. ముసలమ్మ చెయ్యి చెంపకి తగిలాక, తన మామూలు గొంతుతోనే, బియ్యం కడుగుతూ మాట్లాడే గొంతుతోనే, "ఎంత చిక్కిపోయావురా" అంది.

అవతల నవ్వు వినపడలేదు. కుర్చీ ఒకటి ముందుకి జరిగిన చప్పుడైంది. షున్‌తె తల ఎత్తి ఆమె వైపు చూసి, తన చేతిమీది కొడుకుని నెమ్మదిగా మోకాళ్ళ మీదికి దించాడు. ఆ చోట అలా దించడం వాళ్ళ ఆటలో ఇదివరకు లేదు. దించడానికి ఎప్పుడూ టైం ఉండేది కాదు.

రంగం మారేటప్పుడు వెనక గుడ్డ తొలగించి ల్యావ్ తొంగి చూశాడు. చేతిలో అగరొత్తుల కట్ట, ముఖం నిండా చెమట. ఆగిపోయిన కంప్యూటర్‌నీ, మైకునీ, మేయున్‌నీ మార్చి మార్చి చూశాడు. కమిటీ పెద్ద గనక అడక్క తప్పదు.

"ఏమ్మా, మాస్టర్ రాలేదా ఇవాళ?"

మేయున్ ముసలమ్మని దించి, షున్‌తె అందించిన సేనాపతిని ఎడంచేతికి తొడుక్కుంటోంది.

"ఆయనకెప్పుడూ తొందరే కదా బాబాయ్" అంది. "ముందే వెళ్ళిపోయారు."

ల్యావ్ గుడ్డ వదిలేశాడు. మేయున్ బొమ్మ వేళ్ళకి సరిగ్గా కూర్చునేదాకా చూసుకుని, తర్వాతి మాట అందుకుంది.